దరువు ఎవరిది?

"తలుపు తీశావంటే నా మీద ఒట్టే," అంది అక్క.

తల్లి చెయ్యి అప్పటికే గడియ మీద ఉంది. తియ్యలేదు. అలాగని వెనక్కీ తీసుకోలేదు.

బయట మరిది తలుపు బాదుతూనే ఉన్నాడు. దెబ్బ పడ్డప్పుడల్లా గోడ పెచ్చు చిట్లి గడప మీద రాలుతోంది. గొలుసు గలగలమంటోంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. చెల్లెలు పిట్ట లేచి కూర్చున్నట్టుంది.

"అత్తయ్యా! మీ పెద్దమ్మాయికి మీరైనా చెప్పండి. నా పెళ్ళాన్ని నేను చూడ్డానికి ఎవరి పర్మిషన్ కావాలి నాకు?"

"నువ్వు చూసిన చూపు ఎక్స్‌రేలో కనపడిందిలే," అంది అక్క ఇవతల నుంచే. "దవడ ఎముక విరిగింది. పళ్ళకి తీగలు చుట్టి నోరు కట్టేశారు. ఇంకేం మిగిలిందని వచ్చావు?"

"వదినా, నీతో నాకు మాటల్లేవు. నాక్కావలసింది దరువు కాగితాలు. సాయంత్రం రిహార్సల్ ఉంది. పైనున్న ఆ పేరు తీసేసి నా పేరు పెట్టి ఇవ్వు. నా దారిన నేను పోతాను."

"పెట్టను."

"పెట్టవా?"

"ఎవరి దరువుకి వాళ్ళ పేరే ఉంటుంది."

ఒక్క క్షణం చప్పుడు ఆగింది. ఆ తర్వాత పడింది చేతి దెబ్బ కాదు, కాలి దెబ్బ. కింది చెక్క ఫెళ్ళుమని నిలువునా పగిలింది. ఆ సందులో బూటు మొన కనపడి మాయమైంది.

"మళ్ళీ వస్తా," అన్నాడు. గొంతు చాలా మామూలుగా ఉంది. అక్కకి భయం వేసింది అందుకే. "పెళ్ళీ పెటాకులూ లేనిదానివి, కాపురమంటే నీకేం తెలుస్తుందిలే."

మెట్లు దిగుతున్న బూట్ల చప్పుడు వీధి గేటు దాకా వినిపించింది. తల్లి గడియ మీంచి చెయ్యి తీసి చీరకి తుడుచుకుంది.

నాటక కంపెనీలో అతన్ని అందరూ ఉరుము అంటారు. డ్రమ్ముల వెనక కూర్చున్నాడంటే హాలు కప్పు అదరాల్సిందే. అందులో అబద్ధం లేదు. అబద్ధం ఇంకోచోట ఉంది. పేరుపడ్డ అతని దరువులన్నీ పిట్ట వంటింట్లో పుట్టినవే. ఆవిడ గిన్నెలు తోముతూ నోటితో అంటే, ఈయన గుమ్మంలో నిలబడి విని చేత్తో పట్టుకునేవాడు. కూర్పు అన్నచోట మాత్రం ఆయన పేరే పడేది. పిట్ట ఏనాడూ కిమ్మనలేదు.

ఈసారి కొత్త నాటకం. తెర లేచేముందు డ్రమ్ముల మోత, దాని మీద పిట్ట గొంతు. అచ్చు పని అక్క పనిచేసే సంగీత ముద్రణ దుకాణానికే వచ్చింది. అక్క అంతా టైపు చేసింది. చేసి, పైన పిట్ట పేరు పెట్టింది. ఎవర్నీ అడగలేదు. పిట్టనీ అడగలేదు.

రిహార్సల్లో కాగితాలు పంచారు. ఫ్లూటు ఊదే ఆయన పై పంక్తి పైకి చదివి, "ఏం ఉరుమూ! అయితే మెరుపు మీ ఇంట్లో ఉందన్నమాట!" అన్నాడు. హాలు హాలంతా గొల్లుమంది. ఉరుము కూడా నవ్వాడట. ఇంటికెళ్ళే దాకా నవ్వుతూనే ఉన్నాడట.

ఇంటికెళ్ళాక డ్రమ్ము స్టాండు అందుకున్నాడు.

"ఒక్క పంక్తి కదే," అంది తల్లి.

అక్క కుర్చీ ఒకటి లాక్కొచ్చి తలుపుకి అడ్డం పెడుతోంది.

"నిన్నే. ఒక్క పంక్తి తీసేస్తే కాపురం నిలబడుతుంది."

"కాపురం నిలబడుతుందమ్మా. మనిషే నిలబడదు."

"మాటకి మాట బాగానే చెప్తావు. రేపు అతను వదిలేస్తే దాన్ని ఎవరు చూస్తారు? నువ్వా? పొద్దున పోతే పొద్దుగూకి వస్తావు."

"నేనే చూస్తాను."

"చూసిన దానివి చూశావుగా, పేరు పెట్టి!" తల్లి గొంతు పెరిగింది. "మగాడన్నాక కోపం ఉండదా? నలుగురిలో నవ్వులపాలైతే ఎవరికైనా ఒళ్ళు మండదా? మీ నాన్నకి లేదా కోపం?"

అక్క కుర్చీ వదిలి ఇటు తిరిగింది.

"నాన్న ఏం చేసేవాడమ్మా?"

తల్లి సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. కడగడానికి అక్కడ ఒక్క గిన్నె కూడా లేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"అడుగుతుంటే చెప్పవేం?"

నీళ్ళు పోతూనే ఉన్నాయి.

పిట్ట తనంతట తనే బయటికి వచ్చింది. గడ్డం కిందనుంచి నడినెత్తి దాకా కట్టు. కుడి చెంప వంకాయ రంగు తిరిగి, ఆ వైపు కన్ను సగం మూసుకుపోయింది. ఎవరి వంకా చూడకుండా వచ్చి అక్క బల్ల ముందు కూర్చుని, లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

అక్క పని చూసినవాళ్ళెవరూ సంగీతం రాస్తోందనుకోరు, ఏవో లెక్కలు కొడుతోందనుకుంటారు. గీతలు గీసి చుక్కలు పెట్టడం ఉండదు. అన్నీ అక్షరాలే. పెద్ద డ్రమ్ముకి రెండక్షరాలు, చిన్న డ్రమ్ముకి రెండు, తాళాలకి రెండు. పక్కన అంకె వేస్తే ఆ దెబ్బ ఎంతసేపో తెలుస్తుంది. నాలుగంటే పావు, ఎనిమిదంటే అందులో సగం. గడి నిండాక నిలువు గీత కొట్టాలి. లోపల లెక్క కుదరలేదో, కంప్యూటర్ ప్రోగ్రాము చీవాట్లు పెడుతుంది. పాట మాటలకి వేరే చోటు. మాటని ముక్కలుగా విరిచి మధ్య అడ్డగీతలు పెడితే ఒక్కో ముక్కా వెళ్ళి ఒక్కో స్వరం కింద కూర్చుంటుంది. పిట్ట ఎక్కడైనా అక్షరాన్ని లాగి పాడితే దాని వెనక కింద గీత. అంతా అయ్యాక ఒక్క మీట నొక్కితే చాలు, నిగనిగలాడే అచ్చు పేజీ లేచి కూర్చుంటుంది. ఒక్క బ్రాకెట్టు మూయడం మర్చిపోతే మాత్రం పేజీకి పేజీ గల్లంతు.

ఈ దరువు టైపు చేసినన్ని రోజులూ అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఈ బల్ల దగ్గరే కూర్చున్నారు. పిట్ట తొడమీద అరచేత్తో కొట్టి చూపించేది. "డుం, టక, డుం. కాదక్కా, ఆ మూడోది కాస్త ఆలస్యంగా పడాలి. గుమ్మం దగ్గర తటపటాయించినట్టు." అక్క అంకె మార్చేది. ప్రోగ్రాము తిట్టేది. ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. పెళ్ళయ్యాక పిట్ట అలా నవ్వడం అక్క చూడలేదు. ఆ నవ్వు చూసే పైన పేరు పెట్టింది.

శాతం గుర్తు వెనక ఏం రాసినా ప్రోగ్రాము పట్టించుకోదు, అచ్చులోకి రాదు. గుర్తు కోసం అక్క అక్కడ నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంటుంది. నోరు కట్టేశాక పిట్టకి అదే నోరైంది.

శాతం గుర్తు కొట్టి, ఒంటి వేలితో రాసింది. "నా పేరు తీసేయ్."

"ఎందుకు తియ్యాలి?" అంది అక్క పైకే.

"నిన్ను ఎవరు పెట్టమన్నారు?"

"నీ దరువు కాదా అది?"

పిట్ట వేలు కాసేపు గాలిలో ఆగింది. "నాదే. దవడా నాదే."

అక్క కుర్చీ దగ్గరగా లాక్కుంది. "చూడు పిట్టా. పోలీసు రిపోర్టు ఇద్దాం. డాక్టరు కాగితం ఉంది. ఎక్స్‌రే ఉంది. ఇవాళే వెళ్దాం. నేను నీ పక్కన ఉంటాను."

"నువ్వు రిపోర్టు ఇచ్చి నీ పనికి పోతావు. తన్నులు నేను తింటా."

"నేను ఎక్కడికీ పోను."

"నువ్వు ఒక పంక్తి కొట్టావు. నన్ను స్టాండు కొట్టింది."

"అంటే? తప్పంతా నాదేనంటావా? చెయ్యి చేసుకుంది నేనా?" అక్క గొంతు తనకి తెలియకుండానే లేచింది. "దొంగని వదిలేసి, సొత్తు మీద నీ పేరు రాసినదాన్ని పట్టుకుంటావేమే!"

పిట్ట పేజీ పైకి జరిపింది. కూర్పు అన్నచోటికి వెళ్ళి, తన పేరు చివరినుంచి ఒక్కో అక్షరం చెరపడం మొదలుపెట్టింది.

"వద్దు," అంది అక్క.

ఇంకో అక్షరం పోయింది.

"వద్దంటున్నానా!"

ఇంకోటి.

అక్క ఆ మణికట్టు పట్టుకుని లాగింది. పిట్ట విడిపించుకోబోయింది. అక్క ఇంకా గట్టిగా పట్టి మెలితిప్పింది. ఎన్నాళ్ళనుంచో లోపల కుతకుత ఉడుకుతున్నదంతా ఆ చేతిలోకి దిగింది. మరిది మీద కోపం, తల్లి మీద కోపం, నోరు కట్టేసినా సరే "అలాగే" అనడానికి సిద్ధంగా ఉన్న ఈ పిల్ల మీద కోపం. ఇద్దరూ కుర్చీలతో సహా ఒరిగారు. లాప్‌టాప్ నేలకి కొట్టుకుని, తెర మూలనుంచి మూలకి పగిలింది. పిట్ట గడ్డం బల్ల అంచుకి తగిలింది.

కట్టేసిన పళ్ళ వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది. మనిషి గొంతులా లేదది.

తీగల సందుల్లోంచి నెత్తురు కారి కట్టు మీదికి పాకుతోంది. పిట్ట మణికట్టు మీద అక్క వేళ్ళ గుర్తులు ఎర్రగా లేచాయి. అక్క తన చెయ్యి తను చూసుకుంది. ఎవరిదో చెయ్యి తెచ్చి తనకి అతికించినట్టు ఉంది.

వంటింటి గుమ్మంలో తల్లి నిలబడి చూస్తోంది.

"నువ్వు కూడానా?" అంది.

తడిగుడ్డతో పిట్ట మూతి తుడిచింది. స్ట్రాతో రెండు గుక్కల నీళ్ళు తాగించింది. అక్క దగ్గరికి రాబోతే చేత్తోనే ఆపింది. మధ్యాహ్నం ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. నేలమీద పడ్డ లాప్‌టాప్ ఎవరూ తియ్యలేదు. పగిలిన తెర ఇంకా వెలుగుతూనే ఉంది. పిట్ట అసలు పేరులో మొదటి రెండక్షరాలే మిగిలాయి.

"అల్లుడొస్తే నేనే పంపిస్తాను," అంది తల్లి చాలాసేపటికి. "బట్టలు సర్దుతాను. ఇక్కడున్నా పడేవి దెబ్బలే అయితే, మొగుడి దగ్గరే పడనీ."

కాదనడానికి ఆ ఇంట్లో అక్కకి ఇంక మొహం లేదు.

ఈసారి అతను బాదలేదు. వేళ్ళతో మెల్లిగా తట్టాడు.

"పిట్టా," అన్నాడు. "నేనే."

అక్క లేచేలోపే పిట్ట లేచింది. అడ్డం పెట్టిన కుర్చీ పక్కకి జరిపి, గడియ లాగింది. గొలుసు మాత్రం తియ్యలేదు. మర్చిపోయిందో, కావాలనే ఉంచిందో. తలుపు బెత్తెడు తెరుచుకుని గొలుసు దగ్గర బిగుసుకుంది.

ఆ సందులో అతని మొహం సగం కనపడింది. గడ్డం గీసుకుని వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కట్టు మీది కొత్త నెత్తురు చూసి కళ్ళు చిట్లించాడు.

"మీ అక్క మళ్ళీ ఏం చేసింది నిన్ను?"

పిట్ట తల అడ్డంగా ఊపింది.

"కాగితాలు మార్చారా?"

పిట్ట మళ్ళీ తల అడ్డంగా ఊపింది.

"సరే, ముందు గొలుసు తియ్యి."

పిట్ట కదల్లేదు.

తల్లి లోపలిగది గుమ్మం దగ్గర ఉంది. పిట్ట బట్టలు మడిచి పెట్టిన సంచీ చంకలో ఉంది. "వస్తోంది బాబూ, సర్దేశాను," అనబోయి నోరు తెరిచింది.

"తియ్యవే," అన్నాడతను నవ్వుతూ. హాల్లో నవ్విన నవ్వు అదేనేమో. "ఒకవైపే కదా విరిగింది. రెండోవైపు బాగానే ఉందిగా?" అంటూనే కుడిచెయ్యి సందులోంచి లోపలికి పెట్టి గొలుసు కొక్కెం కోసం తడుముకోసాగాడు.

తల్లి సంచీ కింద పెట్టింది. పడెయ్యలేదు, నింపాదిగా పెట్టింది. నాలుగడుగులు నడిచి వచ్చి, పిట్టని ఒక చేత్తో పక్కకి తోసి, భుజం ఆనించి ఒంటి బరువంతా వేసి తలుపు మూసేసింది.

ఎముకలు విరిగిన చప్పుడు ఎండు చితుకుల చప్పుడులా ఉంది. ఆ వెంటనే బయటనుంచి అరుపు.

తలుపు మూతపడలేదు. మధ్యలో చెయ్యి ఉంది. తల్లి వీపు తిప్పి తలుపుకి ఆనించి, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, మళ్ళీ తోసింది. లోపలికి వచ్చిన నాలుగు వేళ్ళు ముందు విచ్చుకుని, గోళ్ళతో చెక్కని గీరి, తర్వాత కదలడం మానేశాయి. ద్వారబంధం వెంట నెత్తురు సన్నగా దిగుతోంది.

"అమ్మా! వదులు!" అక్క పరుగెత్తుకొచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. ఈ మూడు రోజులూ ఆ మనిషి చచ్చిపోవాలని కోరుకున్నది తనే. ఇప్పుడు ఏడుస్తూ బతిమాలుతోంది. "చెయ్యి పోతుందమ్మా! డ్రమ్ము వాయించే చెయ్యి! వదులమ్మా!"

తల్లి వదల్లేదు. ఆమె మొహం మీద కోపం లేదు. బరువు మోస్తున్న మనిషి మొహంలా ఉంది, అంతే.

"మీ నాన్నకి కోపం ఉండేది కాదే," అంది రొప్పుతూ. "చెయ్యి ఉండేది."

బయట అరుపు సన్నబడి మూలుగైంది. పిట్ట గోడకి జారగిలబడి, కట్టేసిన నోటితో ఒకటే కూత పెడుతోంది. అది "వద్దు" అనో, "ఇంకా" అనో అక్కకి అర్థం కాలేదు. చివరికి అక్క తల్లి నడుం రెండు చేతులా చుట్టి, వెనక్కి ఊడలాగింది. తలుపు వదులైంది. అవతల మనిషి మెట్ల మీద కూలిన చప్పుడు వినిపించింది.

పైవాటా టైలరు ఫోను చేసినట్టున్నాడు. ముందు అంబులెన్సు వచ్చి అతన్ని ఎత్తుకుపోయింది. వేళ్ళు గుడ్డలో చుట్టి, చేతిని ఛాతీ మీద పెట్టి తీసుకెళ్ళారు. అతనికి స్పృహ ఉంది. స్ట్రెచరు మీదనుంచి ఈ తలుపు వైపే చూశాడు. ఎవర్నీ తిట్టలేదు.

తర్వాత పోలీసు హెడ్డు వచ్చాడు. కాస్త వయసు మళ్ళిన మనిషి. పగిలిన చెక్కని, ద్వారబంధం మీది నెత్తురుని, పిట్ట మొహాన్ని వరసగా చూశాడు. కిందపడ్డ లాప్‌టాప్ దాటుకుని గది మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

"ఇదంతా ఎవరి పని?" అన్నాడు.

తల్లి నేలమీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో ఇచ్చి దాచమన్న వస్తువుల్లా వాటినే చూసుకుంటోంది.

"అడుగుతున్నది మిమ్మల్నే. తలుపు ఎవరు వేశారు? ఇలా ఎవరు చేశారు?"

పిట్ట గోడ పట్టుకుని లేచింది. చెయ్యి ఎత్తి అక్కని చూపించింది.

హెడ్డు అక్క వైపు, పిట్ట వైపు మార్చి మార్చి చూశాడు. "ఈవిడా? సరిగ్గా చెప్పమ్మా. నోటితో చెప్పాలి."

పిట్ట తీగల మధ్యనుంచి గాలి కూడదీసుకుంది. కట్టు బిగుసుకుంది. కంట్లోంచి నీళ్ళు కారాయి.

"అక్కే," అంది.

అక్క ఆ కళ్ళలోకి చూసింది. ద్వేషం ఉందేమోనని వెతికింది. క్షమించమని అడుగుతోందేమోనని వెతికింది. వాచిన కన్ను ఏమీ చెప్పలేదు, రెండో కన్ను రెప్ప వాల్చలేదు. పిట్ట జవాబు చెప్పింది తలుపు సంగతా, పేరు సంగతా? మణికట్టు మీది గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అవునండీ," అంది అక్క. "నేనే."

తల్లి తలెత్తింది. "లేదు బాబూ, అది కాదు..." అంటూ నేలమీద చెయ్యి ఆనించి లేవబోయింది.

పిట్ట ఆమె భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ కూర్చునేదాకా నొక్కింది.